‘మందు తాగుతాడా?’ దగ్గరే ఆగిపోతే

నెత్తురు కక్కుకుంటూ ఒక మనిషి క్యాజువాలిటీకి వస్తే మన దగ్గర మొదట వినబడే ప్రశ్న ఒకటే. మందు తాగుతాడా? డ్యూటీ డాక్టరు అడుగుతారు, సిస్టర్ అడుగుతుంది, స్ట్రెచర్ తోసేవాడు అడుగుతాడు, పక్క మంచం దగ్గర కూర్చున్న బంధువులు కూడా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. తాగుడుతో లివర్ గట్టిపడి, అన్నవాహికలో సిరలు ఉబ్బి, అవి చిట్లి రక్తం పోయేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు. నా పోరంతా ఆ తర్వాత జరిగేదాని గురించి. ‘అవును’ అంటే కేసు తేలిపోయింది. ‘లేదు’ అంటే ‘అందరూ ఇలాగే అంటారులే’ అని ఒక నవ్వు. జవాబు ఏదైనా కేస్ షీటు మీద పడే మాట మాత్రం ఒకటే: క్రానిక్ లివర్ డిసీజ్, అంటే చాలాకాలంగా ఉన్న లివర్ జబ్బు.

నేను జీర్ణకోశ వ్యాధుల డాక్టర్ని. ఉత్తరాంధ్రలో పనిచేస్తాను. పగిలిన సిరకు చిన్న రబ్బరు బ్యాండు వేసి రక్తం ఆపడం నా పనిలో సగమే. ఆ సిర అసలెందుకు ఉబ్బిందో తేల్చడం మిగతా సగం. ఆ రెండో సగాన్ని మనం చాలాచోట్ల వదిలేస్తున్నాం. దానివల్ల ఎక్కువగా నష్టపోతున్నది, సరిగ్గా చూస్తే అందరికన్నా బాగా బతకగలిగినవాళ్లు. ఇది నాకు ఏళ్ల తరబడి మనసులో రగులుతున్న విషయం.

సిర్రోసిస్, అంటే లివర్ మచ్చకట్టి గట్టిపడే జబ్బు, ఉన్న మనిషికి అన్నవాహికలో సిర పగిలితే, ఎంత మంచి వైద్యం చేసినా ఆరు వారాలు తిరిగేసరికి నూటికి 15 నుంచి 20 మంది వరకు పోతారు. చాలామందిని చంపేది ఆ రక్తస్రావంతో పాటే కుప్పకూలే లివర్. అరుదైన కారణాలతో సిరలు ఉబ్బినవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లలో చాలామందికి లివర్ నిక్షేపంగా ఉంటుంది. రక్తం ఆపి, మళ్లీ రాకుండా చూసుకుంటే వాళ్లు చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్లవుతారు. అలాంటి మనిషికి ‘లివర్ పోయింది’ అని చెప్పి పంపేయడమంటే ముందున్న నలభై, యాభై ఏళ్ల జీవితం మీద గీత గీసేయడం.

అసలు సిరలు ఎందుకు ఉబ్బుతాయో ఒకసారి చూద్దాం. జీర్ణాశయం, పేగులు, ప్లీహం (స్ప్లీన్), క్లోమం (పాంక్రియాస్) నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు వెళ్లదు. పోర్టల్ వెయిన్ అనే పెద్ద సిరగా కలిసి ముందు లివర్‌లోకి వెళ్తుంది. లివర్‌కు అందే రక్తంలో దాదాపు ముప్పావు వంతు ఈ దారినే వస్తుంది. లివర్ తన పని ముగించాక ఆ రక్తం హెపాటిక్ సిరల ద్వారా పైకి, గుండెకు చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా వెనకాల ఒత్తిడి పెరుగుతుంది. పంట కాలువలో అడ్డు పడితే నీళ్లు గట్టు కోసుకుని పక్కనుంచి దారి చేసుకుంటాయి కదా, రక్తమూ అంతే. జీర్ణాశయం పైభాగం మీదుగా, అన్నవాహిక అడుగున ఉండే సన్నటి సిరల్లోంచి గుండెవైపు దొడ్డిదారి వెతుక్కుంటుంది. అంత రక్తం మోయడానికి ఏర్పడిన సిరలు కావవి. ఉబ్బి, మెలికలు తిరిగి, గోడ పల్చబడి, ఏదో ఒకరోజు చిట్లుతాయి.

కాబట్టి అసలు ప్రశ్న ‘అడ్డు ఎక్కడ?’ అన్నది. లివర్‌కు ముందా, లివర్ లోపలా, లివర్ దాటాకా? సిర్రోసిస్ అనేది ఆ అడ్డు పడగల చోట్లలో ఒకటి. ఎక్కువగా కనిపించేదే, ఒప్పుకుంటాను. కానీ అదొక్కటే కాదు.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. ఇంటర్ చదివే పిల్లాడు. జ్వరమొచ్చి ఒళ్లు నొప్పులుగా ఉందంటే మందుల షాపులో నొప్పి మాత్రలిచ్చారు. రెండు మూడు రోజులకు తారులా నల్లగా విరేచనం అయింది. అదే రాత్రి బకెట్లో సగానికి నెత్తురు కక్కాడు. 108లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ ఎండోస్కోపీ చేసి బ్యాండ్లు వేసి ప్రాణం నిలబెట్టారు. ఆ పని బాగా చేశారు, అందుకు వాళ్లకు దండం పెట్టాలి. డిశ్చార్జి కాగితం మీద మాత్రం క్రానిక్ లివర్ డిసీజ్ అని రాసి, ‘మద్యం మానాలి’ అని ఒక వాక్యం చేర్చారు. పదహారేళ్ల పిల్లాడికి.

నా దగ్గరికి వచ్చినప్పుడు వాళ్లమ్మ ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టకుండా చేతిలోనే నలుపుతూ కూర్చుంది. ‘‘మా గుంటడు కల్లు కూడా ముట్టడు తల్లీ. నానొట్టేసి చెప్తాను. ఊళ్లో అందరూ ఏటేటో అంటన్నారు. ఎవులైనా చేతబడి చేసీసినారేమోనని మా అత్త అంతంది’’ అంది. ఊళ్లో ఆ పిల్లాడి గురించి రెండు తీర్పులు అప్పటికే వచ్చేశాయి. నెత్తురు కక్కుకున్నాడంటే ఎవరో ప్రయోగం చేశారని ఒకటి, చెడు సావాసాలు పట్టి తాగుతున్నాడని రెండోది. మొదటిది మూఢనమ్మకమని మనం తేలిగ్గా చెప్పేస్తాం. రెండోదాన్ని ఆసుపత్రి ముద్రతో మనమే రాసిచ్చాం. ఆ తల్లికి రెంటికీ పెద్ద తేడా కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

మంచం మీద పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి వేస్తే ప్లీహం బొడ్డు దాకా తగిలింది. ఎడమ డొక్క మీద చిన్నప్పటి చురకల మచ్చలున్నాయి. ‘‘చిన్నప్పుడు బల్ల ఉందని కాల్పించాం’’ అంది తల్లి. ప్లీహం పెరగడాన్నే ఊళ్లలో బల్ల అంటారు. అంటే ఆ జబ్బు వయసు కుర్రాడి వయసంత. రక్తపరీక్షల్లో లివర్ పనితీరు చెప్పే బిలిరుబిన్ మామూలుగా ఉంది, అల్బుమిన్ మామూలుగా ఉంది, ప్లేట్‌లెట్లు మాత్రం బాగా తక్కువ. రక్తం పారే తీరును చూపించే డాప్లర్ స్కాన్‌లో పోర్టల్ వెయిన్ ఉండాల్సిన చోట ఆ సిరే లేదు. దాని బదులు దారాలు ముడిపడ్డట్టు సన్నటి రక్తనాళాల గుంపు కనిపించింది. కేవర్నోమా అంటాం దాన్ని. ఎప్పుడో పసితనంలో పోర్టల్ వెయిన్‌లో రక్తం గడ్డకట్టి మూసుకుపోతే, శరీరం తన ప్రయత్నంగా చుట్టూ కట్టుకున్న చిన్న చిన్న దారులవి. ఈ జబ్బును మేం ఈహెచ్‌పీవీఓ అంటాం. లివర్ బయటే పోర్టల్ వెయిన్ మూసుకుపోవడం అన్నమాట.

డాక్టర్లలో చాలామందికి ఇది అరుదైన జబ్బు. పిల్లల వైద్యులకు కాదు. భారతదేశంలో పిల్లల్లో పోర్టల్ ఒత్తిడి పెరగడానికి ప్రధాన కారణం ఇదే. ఎదిగే పిల్లలు పెద్ద ఎత్తున రక్తం కక్కుకుంటే మొదట తలుచుకోవాల్సిందీ దీన్నే. పుట్టిన కొత్తలో బొడ్డు చీము పట్టడం, బొడ్డు సిరలోంచి గొట్టం వేయడం, తీవ్రంగా నీళ్లు విరేచనాలై ఒంట్లో నీరు తగ్గిపోవడం, పుట్టుకతో రక్తం త్వరగా గడ్డకట్టే గుణం ఉండటం కారణాలు కావచ్చు. చాలామందిలో ఏ కారణమూ తేలదు. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో పసిబిడ్డ బొడ్డుకు బూడిద రాస్తారు, నూనె రాస్తారు. దయచేసి ఏమీ రాయకండి. శుభ్రంగా, పొడిగా వదిలేస్తే అదే ఎండి రాలిపోతుంది.

ఈ పిల్లల్లో రక్తస్రావం జ్వరమో జలుబో వచ్చినప్పుడు, ఆస్పిరిన్‌లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నప్పుడు మొదలవడం మేం తరచుగా చూస్తాం. అందుకే ప్లీహం పెరిగిన పిల్లలకు నొప్పి మాత్ర ఇచ్చేముందు డాక్టర్ని అడగాలి.

ఇక్కడ ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. దీని గురించి ఎవరూ తగినంత గట్టిగా మాట్లాడటం లేదు. ప్లీహం పెరిగినప్పుడు అది ప్లేట్‌లెట్లను, తెల్లకణాలను తనలోనే పట్టి ఉంచుతుంది. రిపోర్టులో ప్లేట్‌లెట్లు యాభై వేలని కనబడగానే ఇది రక్తం జబ్బేమోనన్న అనుమానం మొదలవుతుంది. ఎముక మజ్జ పరీక్షలు చేస్తారు, మలేరియా మందులిస్తారు, ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు వాడిస్తారు. చివరికి ఎవరో ఒకరు ‘ప్లీహం తీసేస్తే కణాలు పెరుగుతాయి’ అంటారు. నిజంగానే పెరుగుతాయి. కానీ డాప్లర్ చేయకుండా, పోర్టల్ వెయిన్ సంగతి తెలియకుండా ప్లీహం ఒక్కటీ తీసేస్తే ఆ పిల్లాడికి ముందు ముందు దక్కాల్సిన ఒక పెద్ద అవకాశం పోతుంది. ప్లీహపు సిరను ఎడమ కిడ్నీ సిరకు కలిపి ఒత్తిడిని శాశ్వతంగా దించే షంట్ ఆపరేషన్ ఒకటుంది. ప్లీహంతోపాటు ఆ సిరను వాడుకునే వీలు పోయాక, ఆ షంట్ వేయడానికి సిర ఎక్కణ్నుంచి తేగలం? పైగా ప్లీహం తీశాక మిగిలిన సిరల్లో రక్తం గడ్డకట్టే భయం పెరుగుతుంది. అన్నవాహిక సిరలు మాత్రం అలాగే ఉంటాయి. ప్లేట్‌లెట్ల అంకె బాగుపడిన కాగితం పట్టుకుని వచ్చి, మళ్లీ రక్తం కక్కుకున్న పిల్లల్ని నేను చూశాను. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

పిల్లల్లో ఇంకా మెరుగైన దారి ఉంది. 1992లో బెల్జియం సర్జన్ డి విల్ డి గోయె బృందం చూపించిన రెక్స్ బైపాస్. మెడలోని ఒక సిర ముక్కను తీసుకుని, పేగుల నుంచి వచ్చే సిరను లివర్ లోపలి ఎడమ పోర్టల్ కొమ్మకు కలుపుతారు. మూసుకుపోయిన భాగాన్ని దాటవేసి రక్తం మళ్లీ లివర్‌లోకే వెళ్తుంది. అందరికీ కుదరదు, లివర్ లోపలి కొమ్మ తెరిచి ఉండాలి. కుదిరిన పిల్లలకు మాత్రం ఒత్తిడి తగ్గుతుంది, ఎదుగుదల కూడా మెరుగవుతుంది. అడ్డు ఎక్కడుందో వెతకనివాళ్లకు ఈ ఆపరేషన్ గుర్తుకొచ్చే అవకాశమే లేదు.

రెండో జబ్బు ఇంకా మోసకారి. దీన్ని మన దేశంలో ఎన్‌సీపీఎఫ్ (నాన్ సిర్రోటిక్ పోర్టల్ ఫైబ్రోసిస్) అన్నాం. 1969లో భారత వైద్య పరిశోధన మండలి సమావేశంలో స్థిరపడ్డ పేరది. అదే జబ్బును జపాన్ వాళ్లు ఇంకో పేరుతో, అమెరికా వాళ్లు మరో పేరుతో పిలిచారు. అంతకుముందు 19వ శతాబ్దం చివర్లో ఇటలీలో గ్విడో బాంటి పెద్ద ప్లీహంతో, రక్తహీనతతో వచ్చే రోగుల గురించి రాసినప్పుడు వాళ్లలో కొందరికి ఉన్నది ఇదే అయ్యుండాలి. 2019 నుంచి వీటన్నిటినీ పోర్టో సైనుసాయిడల్ వాస్క్యులర్ డిసీజ్ అన్న పెద్ద గొడుగు కిందికి తెచ్చారు. ఇందులో పెద్ద పోర్టల్ వెయిన్ తెరిచే ఉంటుంది. లివర్ లోపలి చిన్న చిన్న కొమ్మలు సన్నబడి, కొన్ని మూసుకుపోతాయి. స్కాన్‌లో లివర్ కాస్త గరుకుగా కనబడొచ్చు, ప్లీహం పెద్దదిగా ఉంటుంది, సిరలు ఉబ్బి ఉంటాయి. ఇంకేం, సిర్రోసిస్ అని రాసేస్తారు. కానీ లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేస్తే లివర్ మెత్తగానే ఉందని తేలుతుంది. అన్నవాహికలో వేలెడేసి లావు సిరలు ఉన్న మనిషికి ఫైబ్రోస్కాన్ అంకె 10 కిలోపాస్కల్స్ కన్నా తక్కువ వచ్చిందంటే మిషను తప్పు చూపించిందనుకోకండి. ఇక్కడ సిర్రోసిస్ కానిదేదో ఉందన్న సూచన అది. తేల్చి చెప్పాలంటే లివర్ ముక్క పరీక్ష చేయాలి.

దీనికి కారణాల్లో ఒకటి వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆర్సెనిక్. 1979లోనే చండీగఢ్ డాక్టర్లు చాలాకాలం పాటు నోటి ద్వారా ఒంట్లోకి చేరిన ఆర్సెనిక్‌కూ ఈ జబ్బుకూ సంబంధం ఉండొచ్చని రాశారు. 1983లో పశ్చిమ బెంగాల్లో బోరు నీళ్లలో ఆర్సెనిక్ బయటపడింది. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లలో అరచేతుల మీద గట్టి బొడిపెలతో పాటు లివర్ లోపల ఇదే తరహా మార్పులు, పెరిగిన ప్లీహాలు కనిపించాయి. ఆ ఊళ్లలో రక్తం కక్కుకున్న మనిషిని ‘ఏం తాగావు?’ అని అడిగితే నిజమైన జవాబు ‘మా ఊరి బోరు నీళ్లు’ అవుతుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. మొదటి ప్రశ్న ఏమిటన్నది మనం ఏ దేశంలో నిలబడి అడుగుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈజిప్టులో నైలు నది ఒడ్డు పల్లెల్లో తరతరాలుగా రక్తం కక్కుకుని చనిపోయిన రైతుల్లో ఎందరో మద్యం ముట్టనివాళ్లు. వాళ్ల జబ్బుకు మూలం కాలువ నీళ్లలోని షిస్టోసోమా అనే పురుగు. నీళ్లలో దిగినవాళ్ల చర్మం గుండా లోపలికి పోయి, పేగుల సిరల్లో కాపురం పెట్టి, గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు రక్తంలో కొట్టుకుపోయి లివర్‌లోని చిన్న పోర్టల్ కొమ్మల్లో ఇరుక్కుంటాయి. వాటి చుట్టూ మచ్చ కట్టి దారి మూసుకుపోతుంది. 1904లో కైరోలో సిమ్మర్స్ అనే పాథాలజిస్టు ఈ మచ్చల్ని మట్టి పైపు గొట్టాలతో పోల్చి వర్ణించాడు. ఇందులోనూ లివర్ కణాలు చాలాకాలం బాగానే పనిచేస్తాయి. అక్కడి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ‘ఏ కాలువలో దిగావు?’ అని. తర్వాతి కథ ఇంకా బాధాకరం. ఆ పురుగును చంపడానికి 1950ల నుంచి 1980ల దాకా ప్రభుత్వం ఇప్పించిన ఇంజెక్షన్లకు ఒకే సిరంజీలను మళ్లీ మళ్లీ వాడటంతో హెపటైటిస్ సి దేశమంతా పాకింది. పురుగుతో దెబ్బతిన్న లివర్ల మీద వైరస్ దెబ్బ. అందువల్ల అక్కడ ఒకే మనిషిలో రెండు కారణాలు కలిసి ఉండటం మామూలైంది. ఒక కారణం దొరగ్గానే వెతకడం ఆపకూడదని నేను మా జూనియర్లకు చెప్పేటప్పుడు ఎప్పుడూ ఈజిప్టు గురించే చెబుతాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. క్లోమం వాచినవాళ్లకు, క్లోమంలో గడ్డ ఉన్నవాళ్లకు ప్లీహపు సిర ఒక్కటే మూసుకుపోవచ్చు. అప్పుడు సిరలు ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలో ఉబ్బుతాయి, కొందరికి అన్నవాహికలోనూ. ఇందాక ప్లీహం తొందరపడి తీయొద్దన్నానా, ఇక్కడ మాత్రం ప్లీహం తీయడమే జబ్బును నయం చేస్తుంది. అడ్డు ఎక్కడో తెలియకుండా వైద్యం చేయడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క తేడా చాలు చెప్పడానికి. లివర్ దాటాక, హెపాటిక్ సిరల్లో గడ్డకడితే బడ్ కియారీ. పొట్ట నీరు పట్టి, నొప్పితో వస్తారు, వాళ్లలో పడుచువాళ్లు ఎక్కువ. రక్తం గడ్డకట్టే గుణం పెంచే జబ్బులు, ప్రసవం, గర్భనిరోధక మాత్రలు కారణం కావచ్చు. 2005లో కనుగొన్న జాక్2 అనే జన్యుమార్పును రక్తంలో వెతకాల్సింది ఇలాంటివాళ్లలోనే. బెలూనుతో, స్టెంట్‌తో సిర తెరిస్తే కొందరి జీవితం మారిపోతుంది. పుట్టుకతో వచ్చే లివర్ ఫైబ్రోసిస్‌లో కిడ్నీల్లో నీటి తిత్తులు కూడా ఉండొచ్చు. అజాథయోప్రిన్, క్యాన్సర్‌కు వాడే ఆక్సాలిప్లాటిన్, ఒకప్పుడు హెచ్‌ఐవీకి వాడిన డిడనోసిన్ లాంటి మందులు కూడా లివర్ లోపలి చిన్న సిరల్ని దెబ్బతీస్తాయి. విల్సన్ జబ్బులో రాగి పేరుకుని సిర్రోసిస్సే వస్తుంది, కానీ దానికి మందుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన సమాజంలో పడుచు వయసు సిర్రోసిస్ కనబడితే దాన్ని వెతక్కుండా వదలకూడదు.

ఒక్కదాని దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే అది మా ప్రాంతానికి దగ్గర. ఇప్పటిదాకా చెప్పినవన్నీ కింద నుంచి పైకి ఎక్కే రక్తం కథలు. తలకిందులుగా, పైనుంచి కిందికి దిగే రక్తంతోనూ అన్నవాహిక సిరలు ఉబ్బుతాయి. తల, చేతుల నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర మూసుకుపోతే ఆ రక్తం అన్నవాహిక పైభాగం సిరల్లోంచి కిందికి దారి తీసుకుంటుంది. 1964లోనే వీటికి డౌన్‌హిల్ వేరిసెస్ అని పేరు పెట్టారు. అప్పట్లో ఛాతీలో గడ్డలు, పెద్ద థైరాయిడ్ గడ్డలు కారణంగా ఎక్కువ చూసేవారు. ఇప్పుడు ముఖ్యమైన కారణం ఏళ్ల తరబడి మెడలోనో ఛాతీ పైనో ఉంచిన డయాలసిస్ గొట్టాలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను పట్టి పీడిస్తోందో తెలుగువాళ్లందరికీ తెలుసు. పలాస, సోంపేటల్లో డయాలసిస్ మంచాల మీద ఉన్న మనుషుల్లో డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపే ఫిస్టులా సకాలంలో పెట్టించుకోలేక గొట్టంతోనే నెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. అలాంటి మనిషి ముఖం, మెడ వాచి, ఛాతీ మీద సిరలు పైకి తేలి, రక్తం కక్కుకుంటే లివర్‌ను అనుమానించి లాభం లేదు. ఎండోస్కోపీలో సిరలు అన్నవాహిక కిందిభాగంలో ఉన్నాయా, పైభాగంలో ఉన్నాయా అని చూసి రాయాలి. పోర్టల్ ఒత్తిడి తగ్గించే మందులు వీళ్లకు పనికిరావు. పైన మూసుకున్న సిరను తెరవాలి. ఎండోస్కోపీ రిపోర్టులో ‘ఎన్ని సెంటీమీటర్ల నుంచి ఎన్ని సెంటీమీటర్ల దాకా’ అన్న ఒక్క వాక్యం రాయని బద్ధకం ఈ జబ్బును దాచేస్తుంది.

దీనికి నా సహోద్యోగులు చెప్పే సమాధానం నాకు తెలుసు. రాత్రి రెండింటికి, బీపీ పడిపోతున్న మనిషి ముందు నిలబడి అరుదైన జబ్బుల జాబితా చదవమంటారా అని. వద్దు. ఆ గంటలో కారణం ఏదైనా పోర్టల్ సిరల రక్తానికి వైద్యం దాదాపు ఒకటే. సెలైన్, రక్తం, సిరల్లో ఒత్తిడి దించే టెర్లిప్రెసిన్ లేదా ఆక్ట్రియోటైడ్, యాంటీబయాటిక్, ఆ తర్వాత ఎండోస్కోపీ, బ్యాండ్లు. (రక్తం గురించి ఒక మాట. ఎన్ని బాటిళ్లు ఎక్కిస్తే అంత మంచిదని బంధువులు పట్టుబడతారు. 2013లో బార్సిలోనా డాక్టర్లు చూపించినట్టు, హిమోగ్లోబిన్ 7 దగ్గర పడ్డాకే ఎక్కించి, 7 నుంచి 9 మధ్య ఉంచినవాళ్లే ఎక్కువమంది బతికారు. అతిగా ఎక్కిస్తే సిరల్లో ఒత్తిడి పెరిగి అవి మళ్లీ చిట్లొచ్చు.) నేను అడుగుతున్నది మర్నాటి సంగతి. రక్తం ఆగింది, రోగి కళ్లు తెరిచాడు, ఇప్పుడు డాప్లర్ చేయడానికి అడ్డేమిటి? అది పెద్ద ఖర్చు కాదు, జిల్లా కేంద్రాల్లో దొరకని పరీక్షా కాదు. అడ్డల్లా ఒకటే, కారణం మనకు తెలిసిపోయిందన్న ధీమా.

ఇంకో వాదన కూడా ఉంది, అది నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ‘మంచివాళ్లకు తాగుబోతన్న పేరు రాకూడదంటున్నావు, అంటే తాగినవాళ్లకు ఆ అవమానం సరైనదేనా?’ అని. కానే కాదు. తాగి తాగి సిర్రోసిస్ తెచ్చుకున్న మనిషికీ నేను అదే చేత్తో బ్యాండు వేస్తాను, అతనికీ అంతే గౌరవం దక్కాలి. తాగుడు కూడా జబ్బే. పైగా తాగేవాడిలో కూడా అడ్డు ఇంకోచోట ఉండొచ్చు. తాగుడు వల్ల క్లోమం వాచి ప్లీహపు సిర మూసుకుపోవచ్చు. సిర్రోసిస్ మీద కొత్తగా పోర్టల్ వెయిన్‌లో గడ్డకట్టి ఉండొచ్చు, లివర్‌లో క్యాన్సర్ మొదలై ఆ సిరలోకి పాకి ఉండొచ్చు. ‘అవును, తాగుతాను’ అని నిజం చెప్పినందుకు ఆ మనిషికి స్కాన్ దక్కకపోవడం ఎక్కడి న్యాయం?

ఒక మాట తప్పుగా రాస్తే అది ఆసుపత్రి గేటు దగ్గర ఆగదు. మద్యం వల్ల వచ్చిన జబ్బుకు డబ్బులివ్వబోమని చాలా ఆరోగ్య బీమా పాలసీల్లో షరతు ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీలో ఆ మాట పడితే క్లెయిమ్ ఇరుక్కుంటుంది. పెళ్లి సంబంధాలు ఆగిపోతాయి. ఆడపిల్ల అయితే ఇంకా ఘోరం. తాగుతుందా అని ఆమెను నేరుగా అడగరు, ఆమె భర్తను పక్కకు పిలిచి అడుగుతారు. ఆ ఇంట్లో ఆ తర్వాత ఏం జరుగుతుందో అడిగినవాళ్లకు అక్కర్లేదు.

ఈహెచ్‌పీవీఓ ఉన్న అమ్మాయిలకు ‘నీకు పిల్లలు వద్దు’ అని చెప్పి పంపడం కూడా నేను విన్నాను. ఇది పూర్తిగా తప్పు. లివర్ బాగున్న ఈ అమ్మాయిలు సరైన పర్యవేక్షణలో గర్భం మోసి క్షేమంగా కంటారు. గర్భానికి ముందే ఎండోస్కోపీ చేసి ఉబ్బిన సిరలకు బ్యాండ్లు వేసి మూసేయాలి. అలా కుదరకపోతే గర్భం మధ్య మూడు నెలల్లో ఒకసారి చూడాలి, అవసరమైతే అప్పుడూ బ్యాండ్లు వేయొచ్చు. గుండె వేగం తగ్గించే ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే డాక్టర్ని అడక్కుండా ఆపకూడదు. కాన్పు అయ్యే ఆసుపత్రిలో రక్తం, ఎండోస్కోపీ అందుబాటులో ఉండాలి. చాలామందికి మామూలు కాన్పే చేయొచ్చు. గట్టిగా ముక్కాల్సిన సమయాన్ని మాత్రం కుదిస్తారు. పోర్టల్ వెయిన్ మూసుకుపోయిందని పదేళ్ల వయసులోనే తెలిసిన అమ్మాయికి ఇదంతా ముందే ఏర్పాటు చేయొచ్చు. లివర్ జబ్బని అబద్ధపు పేరు మోస్తూ వచ్చిన అమ్మాయి విషయంలో ప్రసూతి డాక్టరుకు ఏం ఎదురవుతుందో కాన్పు గదిలో కానీ తెలియదు.

బంధువులకు నా విన్నపం ఇది. డిశ్చార్జి రోజున బిల్లు కట్టే హడావుడిలో పడిపోకుండా డాక్టర్ని కూర్చోబెట్టి అడగండి. అడ్డు ఎక్కడుంది? పోర్టల్ వెయిన్ తెరిచి ఉందా? డాప్లర్ చేశారా? లివర్ పనితీరు పరీక్షలు మామూలుగానే ఉండి ప్లీహం ఇంత పెద్దగా ఎందుకుంది? మళ్లీ బ్యాండ్ల కోసం ఎప్పుడు రావాలి? సిరలు పూర్తిగా మూసుకునే దాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి రావాల్సి ఉంటుంది. ఒక్కసారి వేయించుకుని నయమైపోయిందనుకుని మానేసినవాళ్లే మళ్లీ బకెట్‌తో వస్తారు. ఎండోస్కోపీ ఫొటోలున్న కాగితం, స్కాన్ రిపోర్టు ఒక కవర్లో పెట్టి బీరువాలో దాచుకోండి. మళ్లీ రక్తం వస్తే 108 ఎక్కేటప్పుడు ఆ కవరు చేతిలో ఉండాలి.

జూనియర్ డాక్టర్లకు చెప్పేది ఇంకా చిన్నది. కారణం తేలకుండా క్రానిక్ లివర్ డిసీజ్ అని రాయకండి. ‘అన్నవాహిక సిరల రక్తస్రావం, కారణం ఇంకా తేలాలి, డాప్లర్ రిపోర్టు రావాలి’ అని రాయండి. ఆ కుర్రాడి కాగితం మీద ఎవరైనా ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే, తర్వాత చూసిన డాక్టరు మొదటి రోజే స్కాన్‌కు పంపేవారు.